రోజుకు పద్నాలుగు నిమిషాలు తగ్గుతున్న తేడా

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. కరీంనగర్ దగ్గరి పాల సేకరణ కేంద్రంలో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద ఎర్లాంగ్ అనే భాషలో రాసిన ప్రోగ్రామ్ నడుస్తోంది. టెర్మినల్‌లో డేట్ కమాండ్ కొడితే సమయం సరిగ్గానే వస్తోంది, ప్రోగ్రామ్ వేసే రసీదులో మాత్రం వెనుకబడి ఉంటోంది. నిన్న ఉదయం 41 నిమిషాల తేడా, ఈ ఉదయం 27. బోర్డులో సమయాన్ని లెక్కపెట్టే క్రిస్టల్ పాడైందా, మార్చాలా అని అడిగారు.

మార్చకండి. నేను మార్చి, డబ్బూ పోగొట్టుకున్నాను, రెండు నెలలు తప్పుదారీ పట్టాను.

ముందు మీ అంకెలే చూడండి. రోజుకు పద్నాలుగు నిమిషాలంటే దాదాపు ఒక శాతం. ఏ క్రిస్టల్ కూడా ఇంతగా తప్పదు. గడియారాల్లో వాడే 32,768 హెర్ట్జ్ రకం క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా కొట్టుకునేలా తయారవుతుంది, అంతకంటే వేడెక్కినా చల్లబడినా నెమ్మదిస్తుంది. మన వైపు మే నెలలో 45 డిగ్రీలు ఉన్నా ఆ నెమ్మది రోజుకు సెకను పైచిలుకే. రేకుల షెడ్డు కింద ఇంకాస్త ఎక్కువ అనుకోండి, అయినా నిమిషాల్లోకి రాదు. పైగా మీ తేడా పెరగడం లేదు, తగ్గుతోంది. చెడిపోయిన గడియారం తనంతట తాను బాగుపడదు కదా.

నాకు ఇది తగిలింది వరంగల్ నుంచి పరకాల వెళ్లే దారిలోని ఒక జిన్నింగ్ మిల్లులో. అక్కడి కాంటాకు చీటీలు వేసే ప్రోగ్రామ్ నాది, అదీ ఇలాంటి బోర్డు మీదే, ఎర్లాంగ్‌లోనే. పత్తి సీజన్. ఒకరోజు ఉదయం తొమ్మిదింటికి మిల్లు గుమాస్తా ఫోన్ చేసి, చీటీల మీద రాత్రి రెండు గంటలు పడుతోందని చెప్పాడు. నేను హన్మకొండ నుంచి వెళ్లేసరికి ఒక పెద్దాయన చీటీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. తెల్లవారి 6:40కి కాంటా మీదికి ఎక్కిన ఆయన ట్రాలీకి ముందు రోజు తేదీ, రాత్రి 11:40 వేసి ఉంది. ఆ రోజు ధర ముందు రోజు కంటే క్వింటాలుకు యాభై రూపాయలు ఎక్కువ. “రాత్రి పదకొండున్నరకు నేను మా ఊళ్లో పడుకొని ఉన్నాను సారూ, పత్తి కూడా నాతోనే ఉంది” అన్నాడు. గుమాస్తా పెన్నుతో తేదీ దిద్ది సంతకం పెట్టాడు కాబట్టి సరిపోయింది.

అప్పుడు నేను మొదట టైమ్ జోన్‌ను అనుమానించాను. కానీ తేడా అయిదున్నర గంటలు కాదు, ఏడు గంటలు. తరువాత బోర్డును అనుమానించాను. కొత్త బోర్డు పెట్టగానే సమయం సరైపోయింది! సరైపోక ఏమవుతుంది, బోర్డు మార్చడమంటే ప్రోగ్రామ్‌ను రీస్టార్ట్ చేయడమే కదా. ఆ సంగతి నాకు తట్టలేదు. ఇంకోసారి రాత్రంతా కరెంటు పోయాక అదే కథ.

జరిగేది ఇది. ఆ బోర్డులో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. అందుకు బదులుగా ఫేక్ హార్డ్‌వేర్ క్లాక్ అనే చిన్న ప్రోగ్రామ్ గంటకోసారి సమయాన్ని ఫైల్లో రాసి పెడుతుంది. ఆ బోర్డు మీది డెబియన్ రకం లైనక్స్‌లో గంటవారీ పనులు నడిచేది ప్రతి గంటా 17వ నిమిషానికి. మిల్లులో కరెంటు పోయింది రాత్రి పదకొండున్నర ప్రాంతంలో, వచ్చింది తెల్లవారి ఆరుంబావుకు. బోర్డు లేచి ఫైల్లో ఉన్న 11:17నే ఇప్పటి సమయం అనుకుంది. నా ప్రోగ్రామ్ వెంటనే మొదలైంది. నెట్ రావడానికి రెండు మూడు నిమిషాలు పట్టింది. నెట్ నుంచి సమయం తెచ్చే ఎన్‌టీపీ సరైన సమయం చెప్పగానే ఆపరేటింగ్ సిస్టమ్ ఏడు గంటలు ముందుకు దూకింది. ఎర్లాంగ్ దూకలేదు.

దూకకపోవడం పొరపాటేమీ కాదు, దాని స్వభావమే అంత. ఎరిక్సన్ వాళ్లు టెలిఫోన్ ఎక్స్చేంజీల కోసం తయారుచేసుకున్న భాష అది. అక్కడ సమయం ఒక్కసారిగా ముందుకో వెనక్కో గెంతితే నడుస్తున్న టైమర్లన్నీ గందరగోళమవుతాయి. అందుకని ప్రోగ్రామ్‌ను నడిపే దాని వర్చువల్ మెషీన్ తనకంటూ ఒక గడియారం పెట్టుకుంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌తో తేడా వస్తే తన వేగాన్ని మహా అయితే ఒక శాతం పెంచో తగ్గించో మెల్లగా కలుస్తుంది. గంటకు 35, 36 సెకన్లు. ఈ లెక్కన ఏడు గంటలు కలవడానికి ఏడు వందల గంటలు, అంటే 29 రోజులు. మీ 41 నిమిషాలకు మూడు రోజులు.

ఆ మూడు రోజులూ ప్రోగ్రామ్‌లోని టైమర్లు కూడా ఒక శాతం తొందరపడతాయి. అయిదు నిమిషాలు ఆగమంటే మూడు సెకన్ల ముందే లేస్తాయి. పాల రసీదుకు ఇది పట్టదు. వ్యవధులు కొలిచే పనికి పడుతుంది.

రసీదు మీద వేసే సమయాన్ని ఎర్లాంగ్ మాడ్యూల్‌లోని సిస్టమ్ టైమ్ నుంచి కాక, ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) మాడ్యూల్‌లోని సిస్టమ్ టైమ్ నుంచి తీయండి. పేరు ఒకటే, అడిగే గడియారాలు వేరు. ఇది ఒక్క వరుస మార్పు, ఈ రోజే చేయవచ్చు. అసలు మందు వేరే ఉంది: ఎన్‌టీపీ కుదిరేదాకా ప్రోగ్రామ్ మొదలవకుండా, బోర్డు లేవగానే ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టే సిస్టమ్‌డీలో ఆపడం. నెట్ రాకపోతే కాంటా కూడా ఆగిపోతుందని మా మిల్లువాళ్లు దానికి ఒప్పుకోలేదు, అది న్యాయమే. మీ దగ్గరా పాల క్యాన్లు నెట్ కోసం ఆగవు. అందుకే నేను ఎర్లాంగ్‌లోనే ఉన్న మల్టీ టైమ్ వార్ప్ మోడ్ అనే అమరిక పెట్టాను. అందులో ఎర్లాంగ్ సిస్టమ్ టైమ్ ఓఎస్‌తో పాటే దూకుతుంది, వ్యవధులు కొలిచే మోనోటోనిక్ గడియారం మాత్రం దూకదు. 2015లో వచ్చిన ఎర్లాంగ్ 18వ వెర్షన్ నుంచి ఈ సౌకర్యం ఉంది. అయితే సిస్టమ్ టైమ్‌లను ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి వ్యవధి లెక్కకట్టే కోడ్ ఉంటే ముందు దాన్ని దిద్దుకోండి, లేకపోతే కొత్త తలనొప్పి మొదలవుతుంది.

దానితో పాటు డీఎస్ 3231 అనే గడియారం ముక్క, ఒక బిళ్ల బ్యాటరీ కొని బోర్డుకు తగిలించాను. అది ఏడాదికి ఒక నిమిషం అటూ ఇటూగా నడుస్తుంది. ఆ తరువాత కరెంటు ఎన్ని గంటలు పోయినా గుమాస్తా ఫోన్ రాలేదు.

ఇదంతా చేసే ముందు ఒక్క పరీక్ష. రేపు ఉదయం ఇదే వేళకు, రీస్టార్ట్ చేయకుండా, తేడా చూడండి. పదమూడు నిమిషాల దగ్గర ఉంటే మీదీ నా కేసే. ఇంకా ఇరవయ్యో పాతికో ఉంటే నేను చెప్పింది మీకు పనికిరాదు. అప్పుడు బోర్డు మోడల్, ఎర్లాంగ్ వెర్షన్ రాయండి, మళ్లీ చూద్దాం.