డాలియా దుంపకు కన్ను ఎక్కడుందో ముందు చూసుకోండి

ఆన్‌లైన్‌లో తెప్పించిన ఐదు డాలియా దుంపలు అక్టోబర్‌లో కుండీల్లో పెట్టాను, రోజూ నీళ్లు పోస్తున్నాను, నెల దాటినా మొలక లేదు, హైదరాబాద్‌లో డాలియా రాదా అని అడిగారు. ఎందుకు రాదండీ! మా డాబా మీద డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పూస్తూనే ఉంటుంది. తప్పు ఊరిది కాదు. దుంపదో, మీ చెంబుదో.

నా తెలివి సంగతి చెబుతాను. మొదటి ఏడాది కడియం నర్సరీ నుంచి తెచ్చిన మొక్క టిఫిన్ ప్లేటంత పూలు పూసింది. ఏప్రిల్‌లో ఎండిపోయాక కుండీ బోర్లిస్తే చిలగడదుంపల్లాంటివి గుత్తిగా ఎనిమిది! గుత్తిని అలాగే ఇసుక పోసిన బిస్కెట్ల డబ్బాలో దాచాను. దసరాకి తీసి, ఒక్కో దుంపనీ మెలితిప్పి విరిచి, పక్కింటి వదినకు రెండు, కింది పోర్షన్ పిన్నిగారికి రెండు పంచాను. ఎలా నాటాలో పాఠం కూడా చెప్పాను. ఎనిమిదిలో ఒక్కటీ లేవలేదు. మెట్ల మీద ఎదురైనప్పుడల్లా "ఏమ్మా, నీ దుంప ఇంకా నిద్రలేవలేదు" అనేవారు పిన్నిగారు. ఆవిడ కనబడితే లిఫ్ట్ ఎక్కేదాన్ని.

దీపావళి వెళ్లాక ఓ పొద్దున మా అత్తయ్య కరివేపాకు దూయడానికి వెళ్లి నన్ను కేకేశారు. కరివేపాకు కుండీలో చిటికెన వేలంత మొలక, కాస్త ఎరుపు తిరిగిన చిగురు. వేలితో మట్టి తప్పిస్తే, దుంపలు విరిచాక పనికిరాదని నేను విసిరేసిన పాత కాండం మొదలు! దానికి బొటనవేలంత దుంప ముక్క అంటుకుని ఉంది. పిన్నిగారికి ఇప్పటికీ ఈ సంగతి చెప్పలేదు.

కన్ను అంటే మొలక పుట్టే చోటు. బంగాళాదుంపకైతే ఒళ్లంతా కళ్లే. డాలియాకు దుంప మెడ పాత కాండాన్ని కలిసేచోట మాత్రమే ఉంటాయి. ఆ ముక్క లేకపోతే దుంప ఎంత బలిసినా మొలక రాదు. మెడ విరిగినా దండగే. కొనేవాళ్లెవరూ ఇది చూడరు, అమ్మేవాళ్లు చెప్పరు. పైగా నీలం డాలియా అని బొమ్మ పెట్టి మరీ అమ్ముతారు. అసలు నీలం డాలియా అనేదే లేదు, నీలంగా కనిపించేవన్నీ ఊదా రంగువి. నేనూ కొన్నాలెండి, పసుపు పూసింది. మెక్సికోలో పూర్వం ఈ దుంపలు తినేవారట. నాకు వచ్చినవాటిని కూర వండుకున్నా బాగుండేది.

మీ దుంపలు మెల్లగా పైకి తీసి నొక్కి చూడండి. మెత్తబడితే పారేయండి. గట్టిగా ఉండి, మెడ మొదట్లో చిన్న బొడిపె కనిపిస్తే మళ్లీ పెట్టి నీళ్లు ఆపేయండి. వేళ్లే లేని దుంప నీళ్లెలా తాగుతుంది? కుళ్లుతుంది. మట్టిలో కాస్త చెమ్మ చాలు, మొలక వచ్చాకే చెంబు ముట్టుకోండి.

అంత ఓపిక లేకపోతే ఇప్పుడే నర్సరీలో చిన్న మొక్క కొని 12 అంగుళాల కుండీలో పెట్టండి. నాలుగు జతల ఆకులు రాగానే తల తుంచండి, పక్క కొమ్మలు వస్తాయి. ఊతకర్ర మాత్రం నాటిన రోజే పాతాలి. తర్వాత పాతితే సరిగ్గా దుంపలోకే దిగుతుంది. అదీ చేశాను.