పదివేల అడుగులు వేయకపోతే తప్పా?

ప్రశ్న: మేడమ్ నమస్తే. నాకు 38, హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ జాబ్. రెండు నెలల కింద మా ఆఫీసులో స్టెప్ ఛాలెంజ్ పెట్టారు, అందరూ ఒక యాప్ వేసుకోవాలి, రోజుకి పదివేల అడుగులు, ప్రతి సోమవారం ఎవరు ఎక్కడున్నారో లిస్టు గ్రూపులో పడుతుంది. నాది ఎప్పుడూ కింద నుంచి రెండో మూడో స్థానమే. పొద్దున పిల్లల బాక్సులు, క్యాబ్, తొమ్మిది గంటలు కుర్చీ, ఇంటికొస్తే మళ్ళీ వంట, ఎప్పుడు నడవను? మా టీంలో ఒకతను ఫోన్ కొడుకు జేబులో పెట్టి ఆడుకోమంటాడంట, ఫస్ట్ ప్రైజు ఆయనకే! యాప్ తీసేద్దామనుంది కానీ హెచ్‌ఆర్ వాళ్ళు ఏమనుకుంటారోనని భయం.
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఆ ప్రైజేదో పిల్లాడికే ఇచ్చేస్తే సరిపోయేదమ్మా, నడిచింది వాడేగా.

అసలు ఈ పదివేలు ఏ డాక్టరో లెక్కేసి చెప్పింది కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటేడు, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ నడుముకి తగిలించుకునే మీటర్ అమ్మింది, దాని పేరు మాన్పోకెయి, అంటే పదివేల అడుగుల మీటర్ అని, ఆ పేరే అలా అలా మన ఫోన్లలోకి దిగింది. 2019లో అమెరికాలో పెద్ద వయసు ఆడవాళ్ళ మీద వచ్చిన స్టడీలో రోజుకి 4,400 అడుగులు వేసేవాళ్ళకే, 2,700 దగ్గర ఆగినవాళ్ళకన్నా చావు రిస్కు తక్కువ కనిపించింది, 7,500 దాటాక తేడా పెద్దగా లేదు. వాళ్ళ లెక్క మీకు అచ్చంగా సరిపోతుందని కాదు, పదివేలు రాలేదని మాత్రం దిగులు పడకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అడుగులు చెప్పదు, వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో ఒళ్ళు కదలాలంటుంది.

యాప్ ఉంచండి, గ్రూపు మ్యూట్ చేయండి. పోయిన వారం మీరెంత, ఈ వారం మీరెంత, అదొక్కటే చూసుకోండి. గంటగంటకీ వాచీ వణికితే మూడో రోజు నుంచి చూడకుండానే నొక్కేస్తాం (నేనూ అంతే), అందుకే రిమైండర్లు రెండే పెట్టుకోండి, అదీ ఎలాగూ టీకి లేచే టైముకి. లంచ్ తర్వాత పావుగంట ఆఫీసు క్యాలెండర్‌లో బ్లాక్ చేసేయండి, లేకపోతే ఎవడో ఒకడు అక్కడ మీటింగ్ పెడతాడు. మీరు మాట్లాడక్కర్లేని కాల్స్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కారిడార్‌లో తిరుగుతూ వినండి. మెడ పట్టేస్తుంటే ఆయుష్ శాఖ వాళ్ళ వై-బ్రేక్ అని ఫ్రీ యాప్ ఉంది, ఐదు నిమిషాల యోగా, సీటు దగ్గరే అయిపోతుంది.

హెచ్‌ఆర్‌కి భయపడేదేముంది, మీరే ఒక మెయిల్ పెట్టండి, లిస్టులో పేర్లు తీసేసి టీం మొత్తం ఎంత పెరిగిందో వేయమని. ఇంకోటి, ఆ యాప్‌కి ఏమేం పర్మిషన్లు ఇచ్చారో ఇవాళే సెట్టింగ్స్‌లో చూడండి, అడుగులు లెక్కపెట్టడానికి లొకేషన్, నిద్ర, నెలసరి వివరాలు ఎందుకు? అవన్నీ ఆపేయండి, ఎవరైనా అడిగితే ఆఫీసుకి అడుగులు చాలు అని చెప్పండి.