కాయిల్ స్టవ్‌లో కాయిల్ ఎప్పుడూ నట్టు దగ్గరే ఎందుకు తెగుతుంది?

మీ ప్రశ్న ఇది: గుంటూరు బ్రాడీపేటలో రూములో 2000 వాట్ల కాయిల్ స్టవ్ వాడుతున్నారు, కొత్త కాయిల్ వేసిన నెలకే నట్టు దగ్గర తెగుతోంది, తెగినచోట మెలిపెట్టి కలిపితే రెండు రోజులకే మళ్లీ పోయింది, ఖరీదైన కాయిల్ కొంటే ఆగుతుందా అని.

కొన్నా ఆగదండి. కాయిల్ నడిమధ్యలో తెగితే కాయిల్‌ని అనుమానించాలి. నట్టు దగ్గర తెగితే బిగింపుని అనుమానించాలి. 2000 వాట్లంటే 230 వోల్టుల మీద 8.7 ఆంపియర్లు. నట్టు కాస్త వదులై అక్కడ పదో వంతు ఓమ్ అడ్డు (కరెంటుకి తగిలే నిరోధం, దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు) వచ్చిందనుకోండి, ఆ ఒక్క చోటే ఏడున్నర వాట్ల వేడి పుడుతుంది. శనగగింజంత చోట అది చాలా ఎక్కువ. ఇత్తడి నట్టు నల్లబడుతుంది, నల్లబడితే అడ్డు ఇంకా పెరుగుతుంది, చివరికి తీగ కాలి తెగుతుంది. పాత నట్టూ వాషర్లూ అలాగే ఉంచి కాయిల్ ఒక్కటే మారిస్తే నెలకి మళ్లీ అదే కథ. కాయిల్‌తో పాటు రెండు వైపులా ఇత్తడి స్క్రూ, నట్టు, రెండేసి వాషర్లు కొత్తవి వేయండి. పట్నం బజారు ఎలక్ట్రికల్ షాపుల్లో గానీ, విజయవాడ వన్ టౌన్‌లో గానీ అడగండి. పింగాణీ పూసలు కూడా తీసుకోండి.

కాయిల్ కొనేటప్పుడు కవరు మీద వాట్లు చూసి నమ్మేయకండి. మల్టీమీటర్ పెట్టి ఓమ్‌లు చూసి, 52,900ని ఆ అంకెతో భాగించండి (230ని 230తో గుణిస్తే వచ్చేది అదే), వచ్చేది సుమారు వాట్లు. నిక్రోమ్ (నికెల్, క్రోమియం కలిసిన కాయిల్ తీగ) వేడెక్కితే అడ్డు ఆరేడు శాతం పెరుగుతుంది కాబట్టి 2000 వాట్ల కాయిల్ చల్లగా ఉన్నప్పుడు 25 ఓమ్‌ల దగ్గర చూపించాలి. 22 చూపిస్తే అది 2000 కాదు, వేడెక్కాక కూడా దాదాపు 2250. త్వరగానే పోతుంది.

తర్వాత బరువు. ఇది చాలామంది చూడరు, నన్నడిగితే ఇదే ముఖ్యం. అదే 25 ఓమ్‌లు రావడానికి 22 గేజి (గేజి అంకె తగ్గేకొద్దీ తీగ లావు) నిక్రోమ్ అయితే 9 మీటర్లు చాలు, బరువు 30 గ్రాములు. 21 గేజి అయితే 12 మీటర్లు పడుతుంది, 52 గ్రాములు తూగుతుంది. రెండూ ఇచ్చే వేడి ఒకటే. కానీ సన్న తీగ ప్రతి చదరపు సెంటీమీటరూ 10 వాట్లు మోయాలి, లావు తీగకి ఆరున్నరే. సన్నది ఎరుపు దాటి పసుపు రంగులో మండుతుంది, పైపొర త్వరగా రాలుతుంది. కాయిల్ కూర్చునే పింగాణీ ప్లేటు గాడిలో రెండూ పడితే బరువున్నదే తీసుకోండి. అయస్కాంతం ఉంటే అదీ పెట్టి చూడండి. నిక్రోమ్ అంటుకోదు. అంటుకుంటే అది ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన కాంతల్ రకం. అదీ మంచిదే, వేడిని ఇంకా ఎక్కువ ఓర్చుకుంటుంది. కాకపోతే ఒకసారి ఎర్రగా కాలాక పెళుసెక్కిపోతుంది, తీసి సర్దబోతే పుటుక్కున విరుగుతుంది. దాన్ని మొదటిసారే సరిగ్గా వేయాలి.

ఇక అసలు పని. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకేసి మొదలుపెట్టండి. పాత కాయిల్ తీసేసి, గాడిలో పేరుకున్న మసి పొడి బ్రష్షుతో దులపండి. ఒక టెర్మినల్ నుంచి రెండో టెర్మినల్ దాకా గాడి వెంట పురికొస పరిచి ఆ పొడవు కొలవండి. కొత్త కాయిల్ దగ్గరగా చుట్టి ఉంటుంది, దాన్ని అంత పొడవుకి సాగదీయాలి. ఒక కొస మేకుకి తగిలించి రెండో కొస మెల్లగా లాగండి, వదిలేయండి, కొలవండి. వదిలినప్పుడు కొంత వెనక్కి వస్తుంది కాబట్టి వదిలాక ఉన్న పొడవే లెక్క. ఒకేసారి బలంగా లాగకండి. తక్కువైతే మళ్లీ లాగొచ్చు, ఎక్కువ సాగితే వెనక్కి నొక్కి సరిచేయడం అయ్యే పని కాదు. ఎక్కువైందని కొస కత్తిరించడం అన్నిటికన్నా పెద్ద తప్పు. పదో వంతు కత్తిరిస్తే అడ్డు పదో వంతు తగ్గి, వాట్లు 11 శాతం పెరుగుతాయి. తెగినచోట మెలిపెట్టి కలిపినప్పుడు జరిగేదీ అదే. కాయిల్ పొట్టిదవుతుంది, పైగా మెలి దగ్గర వదులు జాయింటు తయారవుతుంది. మీకు రెండు రోజులకే పోవడం అందుకే.

సాగాక చుట్లు సమానంగా ఉన్నాయో లేదో చూడండి. చుట్టుకీ చుట్టుకీ మధ్య కనీసం తీగ మందమంత ఖాళీ ఉండాలి. పది చుట్లు ఒకచోట ముద్దగా ఉంటే వాటి వేడి బయటికి పోదు, ఒకదాన్నొకటి కాల్చుకుంటాయి. మధ్యలో తెగే కాయిళ్లు ఎక్కువగా ఇలాంటిచోటే తెగుతాయి. ముద్దగా ఉన్నచోట రెండు పక్కలా వేళ్లతో పట్టుకుని ఆ ముక్క మాత్రం కొంచెం లాగండి.

కొసలు ఇలా చేయండి. రెండు వైపులా తిన్నగా ఒక పది సెంటీమీటర్ల తీగ ఉంచుకుని, దాన్ని మధ్యకి మడిచి, రెండు పేటలుగా ప్లయర్‌తో మెలిపెట్టండి. కరెంటు రెండు దారుల్లో పంచుకుంటుంది, వేడి బయటికి పోయే ఉపరితలం రెట్టింపవుతుంది, మొత్తం మీద చదరపు సెంటీమీటరుకి పడే వేడి నాలుగో వంతుకి దిగుతుంది. అందుకే కాయిల్ ఎర్రగా కాలుతున్నా నట్టు దగ్గరి తోక నల్లగానే ఉంటుంది. తోకకి పింగాణీ పూసలు ఎక్కించి రంధ్రంలోంచి కిందికి దించి, రెండు వాషర్ల మధ్య నట్టు బిగే దిశలోనే తిప్పి బిగించండి. లోపలి వైరుకి ఫైబర్ గ్లాస్ స్లీవ్ ఉండాలి. టంకం మాత్రం పెట్టించకండి, మామూలు టంకం 190 డిగ్రీల లోపే కరిగిపోతుంది.

గాడిలో కాయిల్ లాగినట్టు కాకుండా ఊరికే కూర్చోవాలి. బిగుతుగా ఉంటే మలుపుల దగ్గర పైకి లేస్తుంది, లేచినచోట గిన్నె తగులుతుంది. అల్యూమినియం గిన్నె తగిలితే షాక్ మీకే.

కరెంటు ఇచ్చేముందు మళ్లీ మీటరు. రెండు టెర్మినళ్ల మధ్య 25 ఓమ్‌లు రావాలి, ఏ టెర్మినల్ నుంచైనా స్టవ్ బాడీకి కలిసినట్టు చూపించకూడదు. మొదటిసారి నిమిషం పెట్టి ఆపండి, చల్లారాక మళ్లీ నిమిషం, అలా నాలుగైదుసార్లు. ప్లేటులో చెమ్మ ఆరుతుంది, తీగ మీది నూనె పొగగా పోతుంది, తీగకి కాపలా కాసే ఆక్సైడ్ పొర పడుతుంది. లైటు ఆర్పి చూస్తే ఎర్రదనం అంతటా ఒకేసారి రావాలి. ఎక్కడైనా ముందే వెలిగితే అక్కడ చుట్లు ముద్దగా ఉన్నట్టే. ప్లగ్గు పీకి, చల్లారాక సర్దండి.

రూములో 6 ఆంపియర్ల సాకెట్టుకి ఎక్స్‌టెన్షన్ బోర్డు తగిలించి దీన్ని వాడుతుంటే ముందు అది మానండి. 16 ఆంపియర్ల సాకెట్టు, కనీసం 1.5 చదరపు మిల్లీమీటర్ల మూడు తీగల కేబుల్, ఎర్త్ తప్పనిసరి. టెస్టరుతో ఇంకో పరీక్ష చేయండి: ప్లగ్గు సాకెట్లో ఉంచి, స్విచ్ ఆపి, కాయిల్‌కి ముట్టించండి. వెలిగిందంటే స్విచ్ ఫేజు తీగలో కాక న్యూట్రల్‌లో (కరెంటు తిరిగి వెళ్లే తీగలో) ఉంది. అంటే స్టవ్ ఆపినా కాయిల్‌లో కరెంటు ఉంటుంది. ఓనరుకి చెప్పి వైర్‌మన్‌తో మార్పించండి.

వాడకంలో కాయిల్‌ని తినేసేది ఉప్పు. పప్పుచారు పొంగి పడితే అందులోని ఉప్పు ఆక్సైడ్ పొరని కొరుకుతుంది. వేడి మీద తడిగుడ్డ పెడితే ప్లేటు పగులుతుంది. పూర్తిగా చల్లారాక దులిపి, ఉప్పు పడినచోట తడిగుడ్డతో తుడిచి, ఆరాకే పెట్టండి.

ఇవన్నీ చేశాక కూడా నట్టు దగ్గరే పోతుంటే, అర్ధరాత్రి లోడు తగ్గినప్పుడు సాకెట్లో వోల్టేజీ చూడండి. 250 ఉంటే మీ 2000 వాట్ల కాయిల్ 2360 దాకా లాగుతుంది. అప్పుడు 1500 వాట్ల కాయిల్ వేసుకోవడమే దారి. అన్నం పది నిమిషాలు ఆలస్యంగా ఉడుకుతుంది, అంతే.