తరంగాలు, ఉష్ణం, విద్యుదయస్కాంతత్వం: మూడింటినీ ఒకే ప్రశ్నతో చదవడం గురించి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: ఇంటర్మీడియట్‌లో భౌతికశాస్త్రంలో మంచి మార్కులే వచ్చాయి, బీఎస్సీలో చేరాక తరంగాలు, ఉష్ణగతికశాస్త్రం, విద్యుదయస్కాంతత్వం వరసగా వస్తున్నాయి, సూత్రాలన్నీ నోటికి వచ్చినా లెక్కను కాస్త మార్చి ఇస్తే చెయ్యి ఆడటం లేదు, పైగా ఈ మూడూ ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు సబ్జెక్టుల్లా ఉన్నాయి, ఎలా చదవాలి? నేను ఇంటర్ వరకూ తెలుగు మాధ్యమంలో చదివి, ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఎంపీసీ తీసుకుని, సరిగ్గా మీరు చెప్పిన చోటే ఆగిపోయినవాణ్ణి. మొదటి సంవత్సరం భౌతికశాస్త్రం అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. తరవాత ఎమ్మెస్సీ చేసి, కొన్నేళ్లుగా డిగ్రీ విద్యార్థులకు ఈ పాఠాలే చెబుతున్నాను. నాకు దారి ఎక్కడ దొరికిందో అక్కడినుంచే మొదలుపెడతాను.

అది ప్రయోగశాలలో, మెల్డే ప్రయోగం దగ్గర దొరికింది. విద్యుత్తుతో కంపించే శృతిదండం ఒక భుజానికి దారం కట్టి, రెండో కొనను కప్పీ మీదుగా తెచ్చి, పళ్లెంలో బరువులు వేసి, దారంలో ఎన్ని లూపులు ఏర్పడుతున్నాయో లెక్కపెట్టే ప్రయోగమిది. తిర్యక్ విధానంలో, అంటే భుజం దారానికి అడ్డంగా కంపించేటట్టు అమర్చినప్పుడు, నాకు పౌనఃపున్యం 62 హెర్ట్జ్ వచ్చింది. శృతిదండాన్ని తిప్పి, భుజం దారం పొడవునా కంపించేటట్టు అమర్చి చేస్తే 31 వచ్చింది. శృతిదండం అదే, దారం అదే. పొరపాటు ఎక్కడో తెలియక, తోటివాళ్ల రికార్డులో ఉన్న సూత్రం చూసి, నా సూత్రానికి ముందు ఒక 2 చేర్చి 62 అని రాసుకున్నాను. ఆ 2 సరైనదే. అయితే అది ఎందుకు వచ్చిందని మా అధ్యాపకురాలు అడిగినప్పుడు ఒక్క మాట చెప్పలేకపోయాను. ఆమె నన్ను కోప్పడకుండా మళ్లీ పరికరం దగ్గరకు తీసుకెళ్లి, దారాన్ని మాత్రమే చూడమన్నారు.

భుజం కప్పీ వైపు వంగినప్పుడు దారం వదులై కిందికి జారుతుంది. భుజం వెనక్కి వెళ్లినప్పుడు దారం బిగిసి తిన్నగా అవుతుంది, కానీ ఆ క్షణంలో అది ఊరికే నిలబడి లేదు, పైకి పోతూ ఉంది. కాబట్టి భుజం మళ్లీ కప్పీ వైపు వంగి దారం వదులైనప్పుడు ఈసారి పైకి ఉబుకుతుంది. అంటే భుజం రెండుసార్లు ఊగితే దారం ఒక్కసారి ఊగుతుంది. నా లెక్కలో వచ్చిన 31 దారం పౌనఃపున్యం; నేను కోరుకున్న 62 శృతిదండం పౌనఃపున్యం. సూత్రంలో ఒకే అక్షరంతో రాసినంత మాత్రాన రెండూ ఒకటి కావు. ఆ రోజు నుంచి నేను ఏ సూత్రం కనిపించినా అందులోని ప్రతి అక్షరాన్నీ మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకున్నాను: ఇది దేనిది, ఎక్కడిది, ఏ క్షణానిది? ఇంటర్‌లో సూత్రంలో సంఖ్యలు వేస్తే జవాబు వచ్చేది కాబట్టి ఈ ప్రశ్నల అవసరం మనకు తగలలేదు. డిగ్రీలో రాశులు చోటును బట్టీ కాలాన్ని బట్టీ మారుతూ ఉంటాయి. మీ చెయ్యి ఆడకపోవడానికి కారణం చాలావరకు ఇదేనని నా అనుభవం.

తరంగాల పాఠంలో ఈ అలవాటును ఇలా వాడండి. పురోగామి తరంగ సమీకరణంలో స్థానభ్రంశం దూరం మీదా, కాలం మీదా, రెండింటి మీదా ఆధారపడుతుంది. కాబట్టి ప్రతి లెక్కకూ రెండు బొమ్మలు గీయండి. ఒకటి, కాలాన్ని ఒక క్షణం దగ్గర ఆపి, దారం మొత్తం ఎలా ఉందో చూపే బొమ్మ. రెండోది, దారం మీద ఒక్క బిందువునే పట్టుకుని, అది కాలంతోపాటు ఎలా కదులుతుందో చూపే బొమ్మ. రెండూ చూడటానికి ఒకే రకం వక్రాలు కావడం వల్లనే విద్యార్థులు మోసపోతారు: మొదటి బొమ్మలో రెండు శిఖరాల మధ్య దూరం తరంగదైర్ఘ్యం, రెండో బొమ్మలో అదే చోట ఉన్నది ఆవర్తన కాలం. కణ వేగం, తరంగ వేగం వేరని చెప్పే మాట కూడా సంఖ్యలు వేసి చూస్తేనే మనసుకు ఎక్కుతుంది. మీటరుకు 0.4 గ్రాముల ద్రవ్యరాశి ఉన్న దారాన్ని 1 న్యూటన్ తన్యతతో బిగిస్తే అందులో తరంగం సెకనుకు 50 మీటర్లు పోతుంది. ఆ దారం 1 మిల్లీమీటరు కంపన పరిమితితో, 100 హెర్ట్జ్ పౌనఃపున్యంతో కంపిస్తే, దాని మీద ఉన్న కణం గరిష్ఠ వేగం సెకనుకు సుమారు 0.63 మీటర్లే.

ఆ 50 ఎలా వచ్చిందో ఒక్క క్షణం ఆగి చూడండి. తన్యతను ఏకాంక పొడవు ద్రవ్యరాశితో భాగించి వర్గమూలం తీశాం. తన్యత దారాన్ని తిన్నగా లాగుతుంది, ద్రవ్యరాశి కదలికకు బద్ధకిస్తుంది, ఆ రెండింటి నిష్పత్తి వేగాన్ని నిర్ణయిస్తుంది. ఒక కుదుపు ఎంత వేగంగా పోతుంది, దాన్ని నిర్ణయించేది ఏమిటి? మూడు పేపర్లలోనూ ఈ ప్రశ్నను వదలకుండా పట్టుకోమని మీకు చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఇదే ప్రశ్నను గాలిలో ధ్వనికి వేసినవాడు న్యూటన్. గాలిలో తన్యత స్థానంలో స్థితిస్థాపకత ఉంటుంది, పొడవు లెక్క ద్రవ్యరాశి స్థానంలో సాంద్రత ఉంటుంది. సంపీడనాలు, విరళీకరణాలు జరుగుతున్నప్పుడు ఉష్ణోగ్రత మారదని తీసుకుంటే స్థితిస్థాపకత పీడనానికి సమానమవుతుంది. 0 డిగ్రీల సెల్సియస్ వద్ద, సాధారణ వాతావరణ పీడనం దగ్గర, గాలి సాంద్రతను ఘనమీటరుకు 1.293 కిలోగ్రాములుగా వేస్తే వేగం సెకనుకు 280 మీటర్లు వస్తుంది. కొలిస్తే వచ్చేది సుమారు 332. ఆరోవంతు తేడా చిన్నదేమీ కాదు. న్యూటన్ ఈ లోటును గాలి కణాల పరిమాణంతోనూ, గాలిలోని ఆవిరితోనూ సమర్థించడానికి ప్రయత్నించాడు. 19వ శతాబ్దం ఆరంభంలో లాప్లాస్ అసలు కారణం పట్టుకున్నాడు: నొక్కుకున్న గాలి వేడెక్కుతుంది, విరిసిన గాలి చల్లబడుతుంది, ఆ వేడి పక్కకు పోయే వ్యవధి లేదు. అందువల్ల ప్రక్రియ స్థిరోష్ణకమై, పీడనాన్ని రెండు విశిష్టోష్ణాల నిష్పత్తి అయిన 1.4తో గుణించవలసి వస్తుంది. 1.4 వర్గమూలం సుమారు 1.183. 280ని దానితో గుణించి చూడండి.

నేను ఉష్ణగతికశాస్త్రాన్ని మొదటిసారి ఇష్టపడింది ఈ గుణకారం దగ్గరే. అంతవరకూ స్థిరోష్ణక ప్రక్రియ అంటే పిస్టన్, సిలిండరు బొమ్మతో వచ్చే ఒక సూత్రం మాత్రమే అనుకున్నాను; మనం మాట్లాడే ప్రతి మాటలోనూ అది జరుగుతోందని తెలియలేదు. వ్యవధి లేదన్న మాటను కూడా లెక్కతో సరిచూసుకోవచ్చు. 500 హెర్ట్జ్ ధ్వనిలో సంపీడనానికీ విరళీకరణానికీ మధ్య దూరం సుమారు 33 సెంటీమీటర్లు, అది తారుమారు కావడానికి పట్టే కాలం ఒక మిల్లీసెకను. నిశ్చలమైన గాలిలో వేడి ఆ మిల్లీసెకనులో వ్యాపించగలిగేది మిల్లీమీటరులో పదోవంతు ప్రాంతం మాత్రమే.

ఇక్కడ తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి ఒక హెచ్చరిక. స్థిరోష్ణక అన్న పదంలో స్థిరంగా ఉన్నది ఉష్ణం, ఉష్ణోగ్రత కాదు; ఉష్ణోగ్రత స్థిరంగా ఉండేది సమోష్ణోగ్రతా ప్రక్రియలో. ఈ రెండు పదాలనూ తారుమారు చేసి నేను ఒక అంతర్గత పరీక్షలో పది మార్కుల ప్రశ్న మొత్తం పోగొట్టుకున్నాను. అలాగని తెలుగు పదాలను వదిలేయమని చెప్పను. పౌనఃపున్యంలో పునః పునః అన్న మాట వినిపిస్తుంది, ఒక ఉపరితలం గుండా క్షేత్రం ఎంత పోతోందో చెప్పే అభివాహంలో (ఫ్లక్స్) వాహం ఉంది. ఇంగ్లీషు పదం పక్కనే తెలుగు పదమూ రాసుకుని, దాని అర్థాన్ని విడదీసి చూస్తే భావం త్వరగా పట్టుబడుతుంది. ఇంకో చిక్కు రసాయనశాస్త్రంతో వస్తుంది. భౌతికశాస్త్ర పుస్తకాలు ఎక్కువగా వాయువు చేసే పనిని ధనాత్మకంగా తీసుకుంటాయి. రసాయనశాస్త్రంలో వాయువు మీద జరిగే పనిని ధనాత్మకంగా తీసుకుంటారు. ఉదయం ఒక తరగతిలో ఒక గుర్తు, మధ్యాహ్నం ఇంకో తరగతిలో ఇంకో గుర్తు వినేసరికి మొదటి నియమమే తప్పేమో అనిపిస్తుంది. లెక్క మొదలుపెట్టే ముందు పని ఎవరు ఎవరి మీద చేస్తున్నారో ఒక తెలుగు వాక్యంగా రాసుకోండి, గుర్తు దానంతట అదే వస్తుంది.

ఎంట్రోపీ గురించి ఒక్క మాటే చెబుతాను. నిర్వచనం వల్లెవేయకుండా, 400 కెల్విన్‌ల వస్తువు నుంచి 300 కెల్విన్‌ల వస్తువుకు 1000 జౌళ్ల ఉష్ణం పోయిందనుకుని లెక్క వేయండి. ఉష్ణాన్ని ఉష్ణోగ్రతతో భాగిస్తే వచ్చే ఎంట్రోపీలో వేడి వస్తువు 2.5 పోగొట్టుకుంటుంది, చల్లని వస్తువు 3.33 పొందుతుంది. శక్తి లెక్క సరిపోయినా ఈ లెక్క సరిపోదు, కెల్విన్‌కు 0.83 జౌళ్లు కొత్తగా పుట్టాయి. తక్కిన అధ్యాయమంతా ఆ 0.83 గురించే.

విద్యుదయస్కాంతత్వంలో మూడు ప్రశ్నల అలవాటు మరీ అవసరం, ఎందుకంటే ఇక్కడ కంటికి కనిపించే దారం కూడా లేదు. మూసిన ఉపరితలం గుండా పోయే అభివాహం లోపలి ఆవేశాన్ని బట్టే ఉంటుందని చెప్పే గౌస్ నియమంలో, ఆవేశం ఏ ఉపరితలం లోపల ఉంది అన్నదే మొదటి ప్రశ్న. ఘనం ఒక మూలలో ఆవేశాన్ని పెట్టి ఘనం గుండా పోయే అభివాహం అడిగితే, నేను చాలాసేపు సమాకలనం చేసి ఎటూ తేల్చలేకపోయాను. అలాంటి ఎనిమిది ఘనాలను ఆ మూల చుట్టూ పేర్చి చూస్తే ఆవేశం మధ్యలోకి వస్తుంది, మన ఘనానికి ఎనిమిదో వంతు దక్కుతుంది. బొమ్మ గీయడమే అక్కడ లెక్క చేయడం.

ఫారడే 1831లో కనుక్కున్న ప్రేరణ దగ్గర అందరూ చేసే పొరపాటు, అభివాహం ఎక్కువ ఉన్నప్పుడు విద్యుచ్చాలక బలం (ఈఎంఎఫ్) ఎక్కువ ఉంటుందనుకోవడం. తిరిగే తీగచుట్టలో అభివాహం గరిష్ఠంగా ఉన్న క్షణంలోనే విద్యుచ్చాలక బలం శూన్యం, ఎందుకంటే ఆ క్షణంలో అభివాహం మారడం లేదు. ఇది మీకు తెలిసిన విషయమే: కంపించే కణం కొసకు చేరిన క్షణంలో స్థానభ్రంశం గరిష్ఠం, వేగం శూన్యం. రెండుచోట్లా పని చేసేది ఒకే అవకలనం. వీలైతే అర మీటరు తిన్నని రాగి గొట్టం సంపాదించి, అందులో పట్టే బలమైన చిన్న అయస్కాంతాన్ని జారవిడవండి. ఊరికే పడితే సెకనులో మూడోవంతు పట్టే దూరాన్ని అది ఎంత నింపాదిగా దిగుతుందో చూస్తే, ప్రేరిత ప్రవాహం తనను పుట్టించిన మార్పునే అడ్డుకుంటుందని చెప్పే లెంజ్ నియమంలోని ఋణగుర్తును మళ్లీ మరిచిపోరు.

ఇక మన పాత ప్రశ్న దగ్గరకు వద్దాం. కెపాసిటర్ ఆవేశితమవుతున్నప్పుడు పలకల మధ్య తీగ లేదు, ప్రవాహమూ లేదు. అయినా అక్కడ మారుతున్న విద్యుత్ క్షేత్రం ఉంది. ఆంపియర్ నియమాన్ని ఒకే వలయానికి తీగను కోసే ఉపరితలంతోనూ, పలకల మధ్యగా పోయే ఉపరితలంతోనూ విడివిడిగా వేస్తే రెండు జవాబులు వస్తాయి. మాక్స్‌వెల్ చేర్చిన స్థానభ్రంశ విద్యుత్ ప్రవాహం ఆ వైరుధ్యాన్ని తీర్చింది. మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్ క్షేత్రాన్ని, మారే విద్యుత్ క్షేత్రం అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తాయని రెండు సమీకరణాలు రాసి ఒకదాన్ని ఇంకోదానిలో ప్రతిక్షేపిస్తే, కాలం ప్రకారం రెండో అవకలనం ఒకవైపు, దూరం ప్రకారం రెండో అవకలనం ఇంకోవైపు మిగులుతాయి. దారానికి రాసిన సమీకరణం రూపమే ఇది. వేగం స్థానంలో శూన్యానికి చెందిన విద్యుత్, అయస్కాంత స్థిరాంకాలైన పెర్మిటివిటీ, పెర్మియబిలిటీల లబ్ధం వర్గమూలానికి విలోమం వస్తుంది.

నేను ఆ సంఖ్యలను, 8.854ను 10 ఘాతం ఋణ 12తోనూ, 12.566ను 10 ఘాతం ఋణ 7తోనూ, హాస్టల్లో కూర్చుని కాలిక్యులేటర్‌లో వేశాను. 2.998 గుణించు 10 ఘాతం 8 వచ్చింది. కాంతి గురించి ఒక్క అక్షరం కూడా వాడకుండా కాంతి వేగం వచ్చింది. ఈ రోజు కాంతి వేగాన్నే 1983 నుంచి మీటరుకు ఆధారంగా పెట్టుకున్నాం కాబట్టి ఇందులో విశేషమేముందని మీకు సందేహం రావచ్చు. వేబర్, కోల్‌రౌష్ 1856లో నిల్వ చేసిన ఆవేశాన్ని రెండు రకాలుగా కొలిచి, ఆ రెండు కొలతల నిష్పత్తిగా దాదాపు ఈ వేగాన్నే తెచ్చినప్పుడు అలాంటి నిర్వచనం ఏదీ లేదు. ఆ కొలతనే మాక్స్‌వెల్ 1860లలో తన సిద్ధాంతంతో కలిపి, కాంతి విద్యుదయస్కాంత తరంగమని చెప్పాడు. హెర్ట్జ్ ఆ తరంగాలను ప్రయోగశాలలో పుట్టించి చూపినది 1887, 1888లలో.

పరీక్షలు దగ్గరపడ్డాయని రాశారు కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. ఒక తెల్లకాగితం మీద దారం, ధ్వని, కాంతి అని మూడు వరసలు పెట్టి, ప్రతిదానికీ తరంగ సమీకరణాన్ని పుస్తకం చూడకుండా రాబట్టడానికి ప్రయత్నించండి. వేగం వర్గం ప్రమాణాలు చివరికి మీటరు వర్గం బై సెకను వర్గంగా తేలుతున్నాయో లేదో ప్రతి వరసలోనూ సరిచూడండి. మొదటిది ఒక పూటలో అయిపోతుంది, రెండోదానిలో స్థిరోష్ణక సంబంధం నుంచి స్థితిస్థాపకత తెచ్చే చోట కాస్త ఆలస్యమవుతుంది, మూడోదానిలో కర్ల్‌కు (క్షేత్రం ఒక బిందువు చుట్టూ ఎంత సుడి తిరుగుతోందో చెప్పే అవకలనం) మళ్లీ కర్ల్ తీసే మెట్టు దగ్గర చాలామంది ఆగుతారు. మీరు ఏ మెట్టు దగ్గర ఆగారో ఇక్కడే రాస్తే, అక్కడినుంచి వరసవారీగా చేసి చూపిస్తాను.