పీటర్ లాలర్ కథ ఆ పావుగంటతో అయిపోలేదు

ప్రియమైన తమ్ముడికి, ఆశీస్సులు.

నువ్వు పంపిన రాతప్రతి రెండుసార్లు చదివాను. ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రంలోని వెరిబీలో ఉంటూ, మీ నియోజకవర్గానికి లాలర్ అనే పేరు ఎందుకు వచ్చిందో తెలుసుకుందామని మొదలుపెట్టి, ఒక జీవితకథ రాయడం దాకా వచ్చావు. చాలా సంతోషం. తెలుగులో ఆయన గురించి ఇంత శ్రద్ధగా రాసినది నేనింతవరకు చూడలేదు.

యురేకా ఘట్టం, అంటే బల్లారట్‌లో బంగారం తవ్వేవాళ్ళు లాలర్ నాయకత్వాన సర్కారు మీద తిరగబడ్డ ఘట్టం, బాగా కుదిరింది. బంగారం దొరికినా దొరక్కపోయినా నెలకు 30 షిల్లింగుల లైసెన్సు, దాన్ని చూపించమని గోతుల దగ్గరికి వచ్చిపడే పోలీసులు, బేకరీ హిల్ మీద లైసెన్సులు తగలబెట్టడం, సదరన్ క్రాస్ జెండా కింద మోకరించి చేసిన ప్రమాణం, అన్నీ కళ్ళకు కట్టాయి. 1854 డిసెంబరు 3, ఆదివారం తెల్లవారుజామున సైన్యం వచ్చి తిరుగుబాటుదార్లు కట్టుకున్న దడి మీద పడటం, దాదాపు పావుగంటలో అంతా ముగిసిపోవడం చదువుతుంటే నాకే టెన్షన్ వచ్చింది. ఒక్క సవరణ. లాలర్‌ను పట్టిస్తే 200 పౌన్లు ఇస్తామన్న సర్కారు ప్రకటనలో వయసు 35 అని ఉంది. నువ్వు అదే రాసేశావు. ఆయన పుట్టింది 1827 ఫిబ్రవరిలో, అంటే అప్పటికి 27 ఏళ్ళే. సర్కారు కాగితం కదా అని నమ్మేయకు, ఇంకోచోట సరిచూసుకో.

ఇక అసలు సంగతి. నీ రాతప్రతిలో 62 పేజీలున్నాయి. లాలర్ చెయ్యి తెగి, జీలాంగ్‌లో అలీషియా డన్ దగ్గర తలదాచుకుని, ఆమెను పెళ్ళిచేసుకునేసరికి 55వ పేజీ వచ్చింది. అప్పటికి 1855 జూలై. ఆ తర్వాత ఆయన 33 ఏళ్ళకు పైగా బతికాడు. వాటికి నువ్విచ్చింది ఏడు పేజీలు. 'ప్రజలకు సేవ చేశాడు' అన్న మాట ఆ ఏడు పేజీల్లో నాలుగుసార్లు కనిపించింది. చెప్పడానికి మనసొప్పనప్పుడు మన చేతికి వచ్చే మాట అది.

ఎందుకు ఒప్పలేదో నాకు అర్థమైంది. తిరుగుబాటు జరిగి ఏడాది తిరక్కుండానే బల్లారట్ జనం ఆయన్ని చట్టసభకు పంపారు. కొద్దికాలానికే, ఆస్తి ఉన్నవాళ్ళకు ఒకటికి మించి ఓట్లు ఉండే పద్ధతిని ఆయన సమర్థించాడు. ఓటర్లు మండిపడి రాజీనామా చెయ్యమన్నారు. దానికి ఆయన జవాబు నువ్వు చదివే ఉంటావు. ప్రజాస్వామ్యవాది అంటే చార్టిస్టు (మగవాళ్ళందరికీ ఓటు కావాలని బ్రిటన్‌లో పోరాడినవాడు), కమ్యూనిస్టు, రిపబ్లికన్ అని అర్థమైతే తాను ఎన్నడూ అలాంటివాణ్ణి కానన్నాడు. పత్రికలదైనా, జనానిదైనా, ప్రభుత్వానిదైనా, దౌర్జన్యాన్ని ఎదిరించడమే దాని అర్థమైతే ఎప్పటికీ ప్రజాస్వామ్యవాదినే అన్నాడు. ఆ మనిషి లోపలికి ఇంతకంటే మంచి దారి లేదు. నీ రాతప్రతిలో మాత్రం ఇది లేదు.

బల్లారట్ దగ్గరి క్లూన్స్ అనే ఊరి సంగతీ లేదు. 1873లో అక్కడి లోథేర్ గని కంపెనీకి లాలర్ డైరెక్టరు. శనివారం మధ్యాహ్నం దాటాక పని చెయ్యబోమని కార్మికులు సమ్మె కట్టారు. వాళ్ళ స్థానంలో పనిచేయించడానికి కంపెనీ చైనీయులను పోలీసుల కాపలాతో బండ్లలో తీసుకొచ్చింది. ఊరు ఊరంతా, ఆడవాళ్ళతో సహా, రాళ్ళు పట్టుకుని అడ్డం నిలబడింది. బండ్లు వెనక్కి మళ్ళాయి. పంతొమ్మిదేళ్ళ కిందట దడి లోపల నిలబడినవాడు ఇప్పుడు గని యజమానుల వైపు ఉన్నాడు. ఇది రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త కూడా కావాలి. సమ్మె చేసినవాళ్ళ న్యాయం ఒకటుంది, ఆ బండ్లలో కూర్చుని రాళ్ళ దెబ్బలు తిన్నవాళ్ళ గోడు ఇంకొకటుంది. రెండూ నీ పేజీలో ఉండాలి.

ముప్పై ఏళ్ళ వయసులో నేనూ ఇలాగే చేశాను. మా జిల్లా స్వాతంత్ర్య యోధుడొకాయన జీవితం రాశాను. ఆయన తన పాలేర్లకు ఏళ్ళ తరబడి గింజలు సరిగ్గా కొలవలేదని నాకు తెలుసు. ఆయన జైలు జీవితం ముందు అదెంత అనుకుని వదిలేశాను. పుస్తకం వచ్చాక ఒక ముసలాయన మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, 'బాబూ, మనవరాలి చేత మొత్తం చదివించుకున్నాను, మా నాన్న ఎక్కడా లేడే' అన్నాడు. ఆయనకు నేనేమీ చెప్పలేకపోయాను.

లాలర్‌ను దోషిగా నిలబెట్టమని కాదు నేననేది. ఐర్లండులో ఆయన పుట్టింది కలిగిన కుటుంబంలో. తండ్రి బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు. ఆయనకు లైసెన్సు అన్యాయంగా తోచిందే గానీ ఆస్తి అన్యాయంగా తోచలేదేమో. నాకైతే 1854 నాటి మనిషి, 1873 నాటి మనిషి ఒక్కరే అనిపిస్తుంది. నీకు వేరుగా అనిపిస్తే అదే రాయి, కానీ రెండు సంవత్సరాలనూ పక్కపక్కన పెట్టి రాయి. 1880 నుంచి 1887 దాకా ఆయన విక్టోరియా శాసనసభ స్పీకరు. ఒకప్పుడు తలకు వెల కట్టిన ప్రభుత్వమే సర్ బిరుదు ఇస్తానంటే వద్దన్నాడు. దీన్నీ ఒక్క వాక్యంతో దాటేశావు.

సెలవు దొరికినప్పుడు బల్లారట్ వెళ్ళు. స్టర్ట్ స్ట్రీట్‌లో 1893లో పెట్టిన ఆయన విగ్రహం ఉంది, స్పీకరు దుస్తుల్లో. ఎడమ భుజం వైపు నిలబడి కాసేపు చూడు. చూసింది చూసినట్టు పది వాక్యాలు రాసి నాకు పంపు. 56వ పేజీ అక్కణ్ణుంచి మొదలుపెడదాం.

నీ మేలు కోరే,
అన్నయ్య