మౌంటెన్ బైకర్ల ఫోటోల్లో నీడలాంటి రెండో అంచు ఎందుకు వస్తుంది, ఫ్లాష్‌ను ఎక్కడ పెట్టాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో మీ మిత్రులు సైకిళ్లపై వేగంగా దిగుతుండగా, స్టాండుపై నిలబెట్టిన ఒక స్పీడ్‌లైట్‌ను (బ్యాటరీతో నడిచే చిన్న ఫ్లాష్‌ను) ట్రిగ్గర్‌తో, అంటే ఫ్లాష్‌ను దూరం నుంచి వెలిగించే రేడియో పరికరంతో వెలిగిస్తూ 1/200 సెకను షట్టర్ స్పీడ్‌లో ఫోటోలు తీస్తున్నారు. రైడర్ స్పష్టంగానే వస్తున్నాడు గాని అతని చుట్టూ నీడలాంటి రెండో అంచు కనిపిస్తోంది. దాన్ని పోగొట్టాలని 1/1000కు వెళితే ఫ్లాష్ వెలుగు ఫ్రేములో ఒక పట్టీ మేరకే పడి మిగతాదంతా నల్లబడుతోంది. కాబట్టి హై స్పీడ్ సింక్ (ఎక్కువ షట్టర్ వేగాల్లో కూడా ఫ్లాష్ వెలుగు ఫ్రేమంతా పడేలా చేసే సదుపాయం) ఉన్న ఖరీదైన ఫ్లాష్ కొనాలా అని అడిగారు. అవసరం లేదన్నది నా అభిప్రాయం. ఇప్పుడు మీ దగ్గరున్న ఫ్లాష్‌నే తక్కువ శక్తితో, రైడర్‌కు ఇంకాస్త దగ్గరగా, సరైన నీడలో వాడితే ఆ రెండు ఇబ్బందులూ తీరతాయి.

నేను అమెరికాలో సియాటిల్‌కు తూర్పున ఉన్న ఇసాక్వా ప్రాంతంలో ఉంటాను. ఇక్కడి డూథీ హిల్ మౌంటెన్ బైక్ పార్కులోనూ టైగర్ మౌంటెన్ ట్రైళ్లపైనా వారాంతాల్లో తోటి తెలుగు మిత్రులను ఫోటోలు తీస్తూ ఉంటాను. ఎత్తయిన డగ్లస్ ఫర్ చెట్లు ఆకాశాన్ని కప్పేయడం వల్ల మధ్యాహ్నం పూట కూడా ట్రైల్ మీద వెలుగు అంతంతమాత్రమే. ఫ్లాష్ లేకుండా ఆ అడవిలో 1/1000 షట్టర్ స్పీడ్ కావాలంటే ఐఎస్ఓను, అంటే సెన్సార్ వెలుగుకు స్పందించే స్థాయిని, వేలల్లోకి పెంచక తప్పదు. ఆ చీకటే ఫ్లాష్ వాడేవారికి పెద్ద సాయమని ఇక్కడే నాకు బోధపడింది.

ముందుగా నల్లటి భాగం సంగతి క్లుప్తంగా చెబుతాను. సెన్సార్ ముందు షట్టర్‌కు రెండు తెరలు ఉంటాయి. 1/200 లేదా 1/250 వరకు, మొదటి తెర పూర్తిగా తెరుచుకున్నాక, రెండోది కదలడానికి ముందు సెన్సార్ మొత్తం ఒక్క క్షణం బయటపడి ఉంటుంది. ఫ్లాష్ సరిగ్గా అప్పుడే వెలుగుతుంది. అంతకు మించిన వేగాల్లో మొదటి తెర ప్రయాణం పూర్తికాకముందే రెండోది దాని వెంట పడుతుంది కనుక సెన్సార్ మీదుగా సన్నని సందు మాత్రమే జరుగుతూ పోతుంది, ఫ్లాష్ వెలుగు ఆ సందు మేరకే పడుతుంది. కొన్ని రేడియో ట్రిగ్గర్లు స్వల్పంగా ఆలస్యం చేస్తాయి కాబట్టి 1/250 అని రాసి ఉన్న కెమెరాలో కూడా ఫ్రేము అంచున నల్లటి గీత రావచ్చు. అలాంటప్పుడు 1/200కో 1/160కో దిగండి. మిర్రర్‌లెస్ కెమెరా అయితే మెకానికల్ షట్టర్‌ను ఎంచుకోండి, ఎందుకంటే ఎలక్ట్రానిక్ షట్టర్‌లో చాలా కెమెరాలు ఫ్లాష్‌ను అసలు వెలిగించవు.

రెండో అంచుకు మాత్రం కొంచెం లెక్క అవసరం. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో దిగే రైడర్ సెకనుకు 10 మీటర్లు కదులుతాడు. 1/200 సెకనులో అది 5 సెంటీమీటర్లు. షట్టర్ తెరుచుకున్న ఆ వ్యవధిలో మీ సెన్సార్ మీద నిజానికి రెండు ఫోటోలు పడుతున్నాయి: ఫ్లాష్ వెలుగులో కదలిక ఆగిపోయిన స్పష్టమైన బొమ్మ ఒకటి, అడవిలో సహజంగా ఉన్న వెలుగులో 5 సెంటీమీటర్లు సాగిపోయిన బొమ్మ ఇంకొకటి. మీరు చూస్తున్న రెండో అంచు ఆ సాగిన బొమ్మే. టైరు పైభాగంలో ఇది మరింత బాగా తెలుస్తుంది, ఎందుకంటే దొర్లే చక్రంలో నేలను తాకే చోటు ఆ క్షణానికి నిలిచి ఉంటుంది గాని పైభాగం సైకిల్ వేగానికి రెట్టింపు వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్ల చొప్పున ముందుకు పోతుంది. మీ ఫోటోను కంప్యూటర్‌లో పెద్దది చేసి చూడండి. కింద టైరు గుబ్బలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత స్పష్టంగా ఉండి, పైన అవే గుబ్బలపై బూడిదరంగు పొర పరుచుకున్నట్టు ఉంటే తప్పు ఫోకస్‌ది కాదు, సహజ వెలుగు ఎక్కువైందని అర్థం.

కాబట్టి కదలికను ఆపే పని షట్టర్‌ది కాదు, ఫ్లాష్ ఎంతసేపు వెలిగిందన్న దానిది. స్పీడ్‌లైట్లలో శక్తిని తగ్గించడమంటే వెలుగును మధ్యలోనే తెంచేయడం. అందుకే శక్తి తగ్గేకొద్దీ మెరుపు కూడా పొట్టిదవుతుంది. పూర్తి శక్తిలో దాని నిడివి సెకనులో కొన్ని వందల వంతో, బాగా ఉంటే వెయ్యో వంతో ఉంటే, 1/16 శక్తికి దించాక కొన్ని వేల వంతులకు చేరుతుంది. 1/10000 సెకను మెరుపులో ఆ టైరు పైభాగం కదిలేది 2 మిల్లీమీటర్లే. చాలామంది పెద్ద ఫ్లాష్ కొని దాన్ని పూర్తి శక్తిలో వెలిగించి, ఎందుకు మసకగా వచ్చిందని ఆశ్చర్యపోతారు. గోడాక్స్ ఏడీ200 వంటి 200 వాట్-సెకండ్ల ఫ్లాష్‌కు తయారీదారు ఇచ్చిన లెక్క ప్రకారమే పూర్తి శక్తిలో మెరుపు 1/220 సెకను వరకు సాగుతుంది, అంటే కదలికను ఆపే విషయంలో అది మీ షట్టర్ కంటే మెరుగేమీ కాదు. పాత తరహా స్టూడియో ఫ్లాష్‌లలో కొన్ని ఇందుకు పూర్తిగా భిన్నం: శక్తి తగ్గిస్తే వాటి మెరుపు ఇంకా సాగుతుంది. ఎవరైనా అలాంటిది అరువిస్తామంటే ముందు దాని మాన్యువల్ చూడండి.

శక్తి తగ్గిస్తే వెలుగు చాలదు కదా అని మీరు అడగవచ్చు. గైడ్ నంబర్‌తో లెక్క వేద్దాం; ఫ్లాష్ ఎంత బలమైనదో చెప్పే ఈ సంఖ్యను ఎఫ్ నంబర్‌తో (లెన్స్ రంధ్రం ఎంత తెరిచి ఉందో చెప్పే అంకెతో) భాగిస్తే వెలుగు సరిపోయే దూరం వస్తుంది. మామూలు స్పీడ్‌లైట్‌కు ఐఎస్ఓ 100లో పూర్తి శక్తి వద్ద నికరంగా 40 మీటర్ల గైడ్ నంబర్ అనుకుంటే, 1/16 శక్తికి అది నాలుగో వంతై 10కి దిగుతుంది. ఐఎస్ఓను 400 చేస్తే రెట్టింపై 20 అవుతుంది. దాన్ని ఎఫ్/4తో భాగిస్తే 5 మీటర్లు వస్తుంది. ట్రైల్ పక్కన చెట్టు మొదట్లో స్టాండు పెట్టుకోవడానికి ఈ దూరం చక్కగా సరిపోతుంది. ఇంకా దగ్గరికి జరిపి శక్తిని మరింత తగ్గించాలని ఆశ పుడుతుంది గాని నేను నాలుగు మీటర్ల లోపలికి సాధారణంగా వెళ్లను. నాలుగు మీటర్ల దూరంలో ఉన్న రైడర్ ఒక్క మీటరు ఫ్లాష్ వైపు జరిగితే వెలుగు దాదాపు ఒక స్టాప్ (ఒక స్టాప్ పెరిగితే వెలుగు రెట్టింపు, తగ్గితే సగం) పెరిగిపోయి హెల్మెట్ తెల్లగా కాలిపోతుంది. దూరం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. ఏ రైడరూ ప్రతిసారీ ఒకే గీత మీద దిగడు కదా!

ఇక సహజ వెలుగు. ఫ్లాష్ ఆపేసి 1/200, ఎఫ్/4, ఐఎస్ఓ 400లో ఒక ఫోటో తీయండి. అందులో రైడర్ నల్లటి ఆకారంలా, వెనక చెట్లు లీలగా కనిపించాలి. కెమెరాలోని వెలుగు కొలిచే మీటర్ లెక్కలో ఇది రెండున్నర నుంచి మూడు స్టాపుల తక్కువ. మూడు స్టాపులకు దించితే రెండో అంచు దాదాపు మాయమవుతుంది గాని ఫోటో రాత్రి తీసినట్టు కనిపిస్తుంది, అది అందరికీ నచ్చదు. నాకు పగలు పగలులాగే ఉండాలి కాబట్టి రెండు స్టాపుల దగ్గర ఆగి, రైడర్ వెనక ఏముందన్న దానిపై జాగ్రత్త పడతాను. వెనక ముదురు చెట్టు బోదె గాని, నీడలో ఉన్న మట్టి కట్ట గాని ఉంటే సాగిన బొమ్మ కంటికి తెలియదు. అదే చోట కొమ్మల సందులోంచి ఆకాశం కనిపిస్తే మాత్రం, రైడర్ ఇంకా చేరని చోటా అప్పుడే వదిలిన చోటా ఆ తెల్లటి వెలుగు సెన్సార్ మీద పడి, అతని భుజాన్నో చేతినో కొరికేసినట్టు చేస్తుంది. జంప్‌ను కింది నుంచి ఆకాశం నేపథ్యంగా తీయాలని అందరికీ ఉంటుంది; ఈ పద్ధతికి అంతకంటే ప్రతికూలమైన కోణం లేదు.

అనంతగిరిది ఆకురాల్చే అడవి కనుక కాలాన్ని కూడా చూసుకోవాలి. వానల తర్వాత ఆకు దట్టంగా ఉన్న నెలల్లో మీకు మా ఫర్ అడవి లాంటి నీడే దొరుకుతుంది, ఎండాకాలానికి ముందు ఆకు రాలిపోయాక మధ్యాహ్నం ప్రయత్నించి లాభం ఉండదు. అప్పుడు సూర్యోదయానికి ముందో, సూర్యుడు గట్టు వెనక్కి దిగాకో లోయ వైపు వాలుల్లో తీయండి. పొడి రోజుల్లో అక్కడి ఎర్రమట్టి దుమ్ము మీకు దొరికే వరం. వెనక నుంచి ఫ్లాష్ పడితే ఆ దుమ్ము చక్రం వెనక వెలిగే తెరలా నిలుస్తుంది. మాకిక్కడ సంవత్సరంలో చాలా భాగం తడినేలే కాబట్టి జూలై, ఆగస్టు దాకా ఆ దుమ్ము కోసం ఎదురు చూస్తాం.

ఫ్లాష్‌ను ఎక్కడ పెట్టాలన్నది నిర్ణయించేది మౌంటెన్ బైక్ హెల్మెట్‌కు ముందుకు పొడుచుకొచ్చిన వైజర్. పెళ్లి ఫోటోల అలవాటుతో స్టాండును తలకంటే ఎత్తుగా లేపితే వైజర్ నీడ కళ్ల మీదుగా ముక్కు దాకా పడి, ముఖమే లేని మనిషి సైకిల్ తొక్కుతున్నట్టు ఉంటుంది. నేను ఫ్లాష్‌ను రైడర్ ఛాతీ ఎత్తులోనో ఇంకా కిందనో పెట్టి కొద్దిగా పైకి తిప్పుతాను. మలుపు తీస్తున్నప్పుడు రైడర్ తల ముందు చక్రం వైపు కాక మలుపు బయటికొచ్చే చోటు వైపు తిరిగి ఉంటుంది కనుక ఫ్లాష్ కూడా ఆ చివర, మలుపు లోపలి వైపున ఉండాలి. ఇలా పెట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది: పట్టు తప్పిన రైడర్ జారేది బయటి వైపుకే, అక్కడ ఇనప స్టాండు ఉండకూడదు. జంప్ అయితే దిగే చోటు దాటాక ఎక్కడా ఏమీ పెట్టకండి. స్టాండు కాలికి ఇసుక సంచో రాళ్లు నింపిన బ్యాగో కట్టండి. సాఫ్ట్‌బాక్స్ (వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టె) గాలికి ఊగడమే కాక వెలుగు మింగేస్తుంది. బురదకు, టైరు గుబ్బలకు, చేతి కండరాలకు వట్టి ఫ్లాష్ కఠినమైన వెలుగే అందమని నాకనిపిస్తుంది.

కళ్ల విషయంలో మొహమాట పడకండి. ఎండలో ఫ్లాష్ ఎవరినీ ఇబ్బంది పెట్టదు గాని చిక్కటి నీడలో, సాయంత్రం పూట, కనుపాప పెద్దదైన కంటిలోకి మెరుపు నేరుగా పడితే తర్వాతి వేరు, తర్వాతి రాయి రైడర్‌కు కనిపించకపోవచ్చు. అందుకని రైడర్‌ను ఆ చోట నిలబెట్టి రెండుసార్లు వెలిగించి చూపిస్తాను, తర్వాత నెమ్మదిగా ఒకసారి దిగమంటాను, అతను సరే అన్నాకే అసలు వేగంతో రమ్మంటాను. వద్దన్నవారికి ఎదురుగా ఉన్న ఫ్లాష్ తీసేసి వెనక నుంచి మాత్రమే వెలుగు ఇస్తాను. చెప్పకుండా ఎవరి మీదా, ముఖ్యంగా దారిన పోయే అపరిచితుల మీద, ఫ్లాష్ వెలిగించకండి. పోటీల్లో నిర్వాహకుల అనుమతి తప్పనిసరిగా తీసుకోవాలి. అడవిలో స్టాండ్లు పెట్టేముందు అటవీ సిబ్బందికి ఒక మాట చెప్పడం కూడా మంచిదే.

ఫోకస్‌కు నా పద్ధతి సులభమైనది. రైడర్ చక్రం ఏ రాయి మీదుగా వెళుతుందో చూసుకుని దాని మీద ఫోకస్ పెట్టి, మాన్యువల్‌కు మార్చి వదిలేస్తాను. వరుసగా పది ఫోటోలు లాగే అలవాటు ఇక్కడ పనికిరాదు; ఫ్లాష్ మళ్లీ నిండేలోపు తీసిన ఫ్రేములన్నీ చీకటివే. ఒక రాకకు ఒక ఫోటో. జంప్ పైభాగంలో రైడర్ ఆగినట్టే ఉంటాడు కాబట్టి అక్కడ స్పష్టత తేలికని కొందరు చెబుతారు. పైకీ కిందికీ వేగం ఆ క్షణంలో సున్నా అవడం నిజమే గాని ముందుకు పోయే వేగం ఏమాత్రం తగ్గదు. పక్క నుంచి తీసేవారికి ఆ సూత్రం వల్ల ఒరిగేదేమీ లేదు. అదే ఎదురుగా నిలబడి తీస్తే ముందుకు వచ్చే కదలిక ఫ్రేములో తక్కువగా తెలుస్తుంది.

హై స్పీడ్ సింక్ గురించి నేరుగా అడిగారు కనుక చెబుతాను. అందులో ఫ్లాష్ ఒక్క మెరుపుగా కాక, జరుగుతున్న సందు వెంట ఎడతెగని చిన్న మెరుపులుగా వెలుగుతుంది. దానివల్ల వెలుగులో రెండు స్టాపులో అంతకంటే ఎక్కువో పోతుంది, కదలికను ఆపే భారం తిరిగి షట్టర్ మీదే పడుతుంది. మిట్ట మధ్యాహ్నపు ఎండలో ఎఫ్/4, 1/1600 వద్ద సూర్యుడితో పోటీ పడాలంటే ఒక స్పీడ్‌లైట్ ఏ మూలకూ చాలదు, దాని బ్యాటరీలు మాత్రం త్వరగా అయిపోతాయి. బయలు ప్రదేశంలో తప్పనిసరిగా తీయవలసిన వృత్తి ఫోటోగ్రాఫర్లకు అది అవసరమే. మీ దగ్గర అడవి ఉంది, నీడ ఉంది.

డబ్బు పెట్టదలచుకుంటే ఇప్పుడున్నలాంటిదే, శక్తిని చేత్తో మార్చుకునే రెండో స్పీడ్‌లైట్ కొనండి. దాన్ని రైడర్ వెనక, మొదటి దానికి ఎదురు మూలన ఏదైనా చెట్టు బోదె వెనక నేలకు దగ్గరగా పెట్టి, అదే 1/16 శక్తిలో వెనక చక్రం వైపు గురిపెట్టండి. దాని వెలుగు లెన్స్‌లోకి రాకుండా ఒక పక్క నల్లటి అట్ట అంటించండి. భుజం మీద, హెల్మెట్ అంచు మీద సన్నటి వెలుగు గీత పడి రైడర్ ముదురు నేపథ్యం నుంచి విడిపోతాడు. నేపథ్యం ఎంత ముదురుగా ఉంటే అంత మంచిదని పైన చెప్పిన పద్ధతిలో నల్ల జెర్సీ వేసుకున్నవారు చెట్లలో కలిసిపోయే ఇబ్బంది ఒకటుంది, అది దీనితో తీరుతుంది. రెండింటికీ మంచి రకం రీచార్జబుల్ ఏఏ బ్యాటరీలు రెండు సెట్లు, వాన చినుకులకు అడ్డంగా కప్పడానికి పల్చటి ప్లాస్టిక్ సంచులు తీసుకెళ్లండి. ట్రిగ్గర్ అప్పుడప్పుడు పలకకపోతే రిసీవర్‌ను తడి ఆకుల మధ్య నుంచి కొంచెం పైకి జరపండి, ఎందుకంటే 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాలను తడి ఆకు బాగా పీల్చేస్తుంది.