చర్మానికి పట్టిన ఫంగస్ కప్పల ప్రాణం ఎలా తీస్తుంది?

ఆ ఫంగస్ చర్మం పనిని పాడుచేసి, చివరికి కప్ప గుండె ఆగిపోయేలా చేస్తుంది. దీని పేరు కైట్రిడ్. కప్ప నీళ్లు నోటితో తాగదు, చర్మంతోనే పీల్చుకుంటుంది. ఒంట్లో లవణాలు సరిగ్గా ఉండటానికీ చర్మం చాలా ముఖ్యం. చర్మంలోని కెరటిన్ (మన గోళ్లలో, జుట్టులో ఉండే లాంటి గట్టి ప్రోటీన్) పొరలో కైట్రిడ్ పెరిగితే సోడియం, పొటాషియం రక్తంలో పడిపోయి గుండె లయ తప్పుతుంది. జబ్బుపడ్డ కప్ప కాళ్లు చాపేసి కదలకుండా ఉంటుంది, చర్మం పొరలుగా ఊడుతుంది, వెల్లకిలా తిప్పితే మళ్లీ బోర్లా పడలేదు. తోకకప్పలకు కెరటిన్ నోటి దగ్గరే ఉంటుంది కాబట్టి అవి చాలావరకు బతికి, కప్పలుగా మారాక చనిపోతాయి. ఇది మరీ బాధాకరం.

పనామా వాళ్లు అదృష్టంగా భావించే బంగారు రంగు కప్పనే చూడండి. 2009 తర్వాత అడవిలో దాదాపు కనుమరుగైంది, ఇప్పుడు ప్రధానంగా జూలు, సంరక్షణ కేంద్రాల్లోనే ఉంది. 2019 నాటి అంచనా ప్రకారం ఈ జబ్బు వల్ల కనీసం 501 ఉభయచర జాతులు తగ్గాయి, అందులో 90 అంతరించిపోయినట్టే.

ఇది మనుషులకూ అంటుకుంటుందని చాలామంది టెన్షన్ పడతారు. అంటుకోదు. కానీ తడి బూట్లు, వలలు, పెంపుడు కప్పల వ్యాపారం ద్వారా దీన్ని కొత్త చోట్లకు మోసుకెళ్లేది మనమే.